పాత మోడల్ విమానానికి మళ్లీ కవరింగ్ వేయడం

అటక మీద ఏళ్లతరబడి పడున్న మోడల్ విమానాన్ని దించగానే చేతులు ముందు పాత కవరింగ్ పీకేయడానికే పోతాయి. కాస్త ఆగండి. ముడతలు పడ్డ ప్రతి రెక్కకూ కొత్త తొడుగు అక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎండాకాలంలో గాలిలో తేమ బాగా పడిపోతుంది. విమానం చట్రం చేసే తేలికపాటి బాల్సా కర్ర ఎండి అడ్డంగా కుంచించుకుపోతుంది. పైన కవరింగ్‌గా ఉన్న ప్లాస్టిక్ ఫిల్మ్ మాత్రం అదే కొలతలో ఉంటుంది కాబట్టి వదులవుతుంది. అదే రెక్క సెప్టెంబరు వానలకు మళ్లీ బిగువుగా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో చూసి పాడైందనుకున్నది నిజానికి పాడు కాకపోవచ్చు.

కవరింగ్ బతికుందో లేదో బొటనవేలితో తెలుస్తుంది. రెండు రిబ్బుల (రెక్కలో పక్కటెముకల్లా అడ్డంగా ఉండే ముక్కల) మధ్య ఖాళీలో మెల్లగా నొక్కండి. సాగి వెనక్కి వస్తే ప్రాణం ఉన్నట్టే. టప్పున చిట్లితే, లేదా వేలికింద పెళపెళలాడుతూ సన్నటి పగుళ్లు కనిపిస్తే దాని పని అయిపోయినట్టు. అంచులు లేచిపోయినా, మోటారు దగ్గర కర్ర నల్లబడి ఫిల్మ్ కింద జిడ్డు కనిపించినా తీయక తప్పదు. ఇవేవీ లేకుండా వదులు మాత్రమే ఉంటే, ముందు అంచులన్నీ ఇస్త్రీపెట్టెతో మళ్లీ అతికించి, ఆ తర్వాతే మధ్య భాగాన్ని వేడిచేసి బిగించి చూడండి. ఈ వరస తప్పితే ముడుచుకునే ఫిల్మ్ అంచును లాగేసుకుంటుంది. ఇంకో సంగతి, ఫిల్మ్ మొత్తం మీద ఇంతే ముడుచుకుంటుందని ఒక హద్దు ఉంటుంది. ఏటేటా వేడిచేసి బిగించుకుంటూ వచ్చిన రెక్క ఒక ఏడాది ఎంత వేడి పెట్టినా కదలదు. అప్పుడు మార్చాల్సిందే.

ఏ కవరింగో గుర్తుపట్టడం

పాత మోడళ్ల మీద ఎక్కువగా కనిపించేవి నాలుగు. పలుచటి టిష్యూ కాగితం మీద డోప్ (ఆరితే కాగితాన్నీ గుడ్డనూ బిగించే లాకర్ లాంటి పూత) పూసినవి, పట్టు మీద డోప్ పూసినవి, వేడితో అతికే ప్లాస్టిక్ ఫిల్మ్, వేడితో అతికే గుడ్డ. నేత కనిపిస్తే పట్టు గానీ గుడ్డ గానీ. గోటితో గీకితే పొట్టు రాలి కాగితంలా చిరిగితే టిష్యూ. నున్నగా మెరుస్తూ, చింపితే సాగేది ఫిల్మ్.

ఫిల్మ్‌లోనూ రెండు రకాలు ఉన్నాయి. మోనోకోట్, ఓరాకవర్ లాంటివి పాలిస్టర్ మీద తయారైనవి, ఎక్కువ వేడి తట్టుకుంటాయి. పాత సోలార్‌ఫిల్మ్ పాలిప్రొపిలీన్, తక్కువ వేడికే లొంగుతుంది, ఎక్కువైతే రంధ్రం పడి కరిగిపోతుంది. పీకిన ముక్క వెనకవైపు థిన్నర్ గుడ్డతో తుడిచి చూడండి. రంగు గుడ్డకు అంటితే ఆ ఫిల్మ్‌లో రంగు జిగురు పొరలోనే ఉందని అర్థం. అలాంటిది తీసేటప్పుడు రంగంతా కర్రమీద మిగిలిపోతుంది. దానికి కాస్త ఎక్కువ ఓపిక కావాలి.

తీయడం

పని మొదలుపెట్టే ముందు విమానాన్ని తూచి బరువు రాసుకోండి. చల్లగా ఉన్న ఫిల్మ్‌ను చేత్తో పట్టి పైకి లాగితే బాల్సా పీచు దాంతోపాటే లేస్తుంది. రెక్క మీద బాల్సా పలక అతికించిన చోట్ల గుంటలు పడేది ఇలాగే. ఇస్త్రీపెట్టెను జిగురు మెత్తబడేంత వేడిలో మాత్రమే పెట్టుకుని, ఒక మూల వేడిచేసి లేపండి. లేచిన అంచును పూర్తిగా వెనక్కి మడిచి, కర్రకు ఆనుకునేలా, దాదాపు సమాంతరంగా లాగండి. వేడి ముందు, చెయ్యి వెనక. పీచు పోయే దిశలోనే లాగాలి, అడ్డంగా వద్దు. ఒక్కో సారి నాలుగైదు అంగుళాలు చాలు. తొందరపడితే రిబ్బు పైఅంచు విరుగుతుంది.

కర్రమీద మిగిలిన రంగు జిగురును అసిటోన్ గానీ ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ గానీ తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డ తరచూ మార్చాలి, లేకపోతే తీసిన రంగునే మళ్లీ పక్కకు పూసినట్టవుతుంది. ఈ పని వరండాలో, గాలి ఆడే చోట, పొయ్యికీ ఇన్వర్టరుకూ దూరంగా చేయండి. రెక్కలో ఎక్కడైనా థర్మకోల్ ఉంటే థిన్నర్ చుక్క కూడా తగలకూడదు, క్షణంలో కరిగిపోతుంది.

టిష్యూ, పట్టు మీది డోప్ థిన్నర్‌కు మెత్తబడుతుంది. కుంచెతో రిబ్బుల వెంబడి థిన్నర్ పూసి రెండు నిమిషాలు ఆగి లాగితే చీలికలుగా వస్తుంది. ఖాళీల్లో ఉన్నదాన్ని ముందే బ్లేడుతో కోసి తీసేస్తే కర్రను పట్టుకున్న కాస్త మాత్రమే మిగులుతుంది.

పీకిన పెద్ద ముక్కలు పారేయకండి. కొత్త ఫిల్మ్ కోయడానికి కొలతలు అవే ఇస్తాయి, గుర్తులూ అక్షరాలూ ఎక్కడున్నాయో కూడా వాటి మీదే ఉంటుంది.

ఆముదం పట్టిన కర్ర

గ్లో ఇంజను (మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజను) ఉన్న మోడళ్లలో సగానికి సగం చెడేది ఇక్కడే. గ్లో ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్‌తోపాటు కందెనగా ఆముదమో సింథటిక్ నూనో రెండూ కలిపో ఉంటాయి. పొగగొట్టం నుంచి చిమ్మిన నూనె ఫిల్మ్ అంచు సందుల్లోంచి లోపలికి దిగి, ముక్కు దగ్గర, ట్యాంకు గదిలో, రెక్క నడుమ కర్రను నల్లబరుస్తుంది. నూనె పట్టిన కర్ర మీద జిగురు నిలవదు, కొత్త ఫిల్మూ నిలవదు. పైపైన తుడిచి వేసేస్తే మొదటి ఎండకే బుడగలొచ్చి లేస్తుంది.

ఇక్కడొక రసాయన లక్షణం పనికొస్తుంది. ఆముదం మిగతా నూనెల్లాగా పెట్రోలు, కిరోసిన్‌లలో సరిగా కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. కాబట్టి మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మొదట రెండు మూడుసార్లు తుడవండి. తర్వాత ముల్తానీ మట్టి. ఇది నూనెను పీల్చుకోవడంలో చాలా మంచిది. ఆ పొడిలో అసిటోన్ కలిపి గట్టి పేస్టు చేసి, నల్లబడిన చోట రెండు మూడు మిల్లీమీటర్ల మందం పట్టించండి. అసిటోన్ నూనెను కరిగించి పైకి తెస్తుంది, మట్టి దాన్ని పట్టుకుంటుంది. ఎండి పెళుసుగా రాలే దాకా ఆగి, మెత్తటి బ్రష్షుతో దులపండి. మట్టి రంగు ముదిరి ఉంటుంది. రాలిన మట్టి తన అసలు రంగులోనే రావడం మొదలయ్యే దాకా మళ్లీ మళ్లీ చేయండి. మూడు నాలుగు సార్లు మామూలే, పాత ట్రైనర్ల (నేర్చుకునేవాళ్లు ఎగరేసే విమానాల) ముక్కుకు ఆరేడు సార్లు కూడా పడుతుంది.

చివర్లో హీట్ గన్ దూరంగా పెట్టి కర్రను గోరువెచ్చగా వేడిచేసి, పైన టిష్యూ పేపరు అద్దండి. కాగితానికి జిడ్డు అంటకపోతే పని పూర్తయినట్టు. అసిటోన్ పూర్తిగా ఆవిరైపోయాకే హీట్ గన్ ముట్టుకోవాలి. ఎన్ని చేసినా జిడ్డు వదలని ముక్కను కోసి కొత్త బాల్సా అతికించడమే మేలు. ఇంజను బిగించే ప్లైవుడ్ గోడ నూనెకు మెత్తబడి ఉంటే దాన్ని శుభ్రం చేయాలని చూడకండి, మార్చేయండి. పట్టుతప్పిన గోడ ఇంజనును పైకెళ్లాక వదిలేస్తుంది.

కర్ర పని

కవరింగ్ తీసేసిన రోజే ఎముకలు కనిపిస్తాయి. మళ్లీ ఇలాంటి అవకాశం ఏళ్ల దాకా రాదు, అందుకే ఇక్కడ ఎన్ని గంటలు పెట్టినా ఎక్కువ కాదు.

ప్రతి జాయింటునూ వేలితో నొక్కి చూడండి. కదిలితే పలుచటి సూపర్ గ్లూ చుక్క దించండి. విరిగిన రిబ్బుకు పక్కనే ఒకటిన్నర మిల్లీమీటర్ల బాల్సా ముక్క ఫెవికాల్‌తో జోడించండి. ముందంచులో గుంటలు పడితే ఫిల్లరు పూసే ముందు ఒక చుక్క నీళ్లు పెట్టి, పైన తడి గుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె అద్దండి. నలిగిన పీచు ఉబ్బి మళ్లీ పైకి వస్తుంది. పీచు తెగిన చోట మాత్రమే ఇది పనిచేయదు. అక్కడ తేలికపాటి కర్ర ఫిల్లరు వాడండి. గోడకు పూసే పుట్టీ వద్దు, బరువెక్కువ, ఎండిన కొద్దీ రాలుతుంది.

స్పార్‌లో (రెక్క పొడవునా వెళ్లే ముఖ్యమైన కర్రలో) పగులు ఉంటే అది చిన్న మరమ్మతు కాదు. ఎదురెదురుగా తిన్నగా కోసి అతికించిన స్పార్ గాలిలో అక్కడే విరుగుతుంది. ఏటవాలుగా కోయాలి. స్పార్ మందం ఎంత ఉంటే అంతకు పదిరెట్లు వాలు ఉండాలి. 6 మిల్లీమీటర్ల స్పార్‌కు 60 మిల్లీమీటర్లు. ఎపాక్సీతో అతికించి, దాని ముందూ వెనకా ఒక మిల్లీమీటరు ప్లైవుడ్ పలకలు రెండు వైపులా కాస్త దాటేలా వేయండి.

రెక్క మెలి తిరిగిందేమో చూడటానికి సమతలమైన బల్ల కావాలి. దీనికి మన దగ్గర ఇంటింటా ఉండే పాలిష్ చేసిన కడప బండకు మించింది లేదు. అదే కిచెన్ గట్టు మీది నల్లరాయి. బండ మీద న్యూస్‌పేపరు పరిచి రెక్కను పెడితే ఏ మూల లేస్తోందో తెలుస్తుంది. సూదులు గుచ్చాల్సిన పని ఉంటే బండ మీద 12 మిల్లీమీటర్ల బోర్డు వేసుకోండి. బోర్డు ఒక్కదాన్నే నమ్మితే ఎండకు అదీ వంగుతుంది, కింద రాయి ఉంటే వంగదు. వంకర తిరిగిన చట్రాన్ని కవరింగ్ బిగువుతో సరిచేయొచ్చని అనుకోకండి. కాస్త మెలిక తీయొచ్చు, అంతే.

సర్వోలకు (కదిలే భాగాలను తిప్పే చిన్న మోటార్లకు) వెళ్లే తీగలు, ఎయిలెరాన్‌కు (రెక్క వెనకంచున కదిలే పలకకు) దారి తీసే దారాలు, ఇంధన గొట్టాలు, ట్యాంకు ఇప్పుడే మార్చండి. పాత ట్యూబు గట్టిపడి ఉంటుంది. కవరింగ్ అయ్యాక ట్యాంకు చిల్లు పడిందని తెలిస్తే పొట్ట మళ్లీ కోయాలి. చెదలు పట్టిన ఆనవాళ్లు కూడా చూడండి. అటక మీద అట్టపెట్టెలో ఉన్న విమానానికి ఇది మామూలు, సన్నటి మట్టి గీత ఒక్కటి కనిపించినా ఆ ముక్కను సూదితో గుచ్చి చూడాలి.

ఆఖరుకు సాండ్‌పేపరు, మన వడ్రంగులు ఉప్పు కాగితం అనేది. 220తో మొదలుపెట్టి 320, చివర 400. చేత్తో పట్టుకుని రుద్దితే రిబ్బుల మధ్య మెత్తటి చోట్లు లోతుగా అరిగి గట్టి చోట్లు లేస్తాయి. కాబట్టి చెక్క దిమ్మకు చుట్టి మాత్రమే రుద్దండి. ఫిల్మ్ దేన్నీ దాచదు, ప్రతి గీతనూ పెద్దది చేసి చూపిస్తుంది. తర్వాత దుమ్ము. అనంతపురంలో జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలికి తలుపు తీసి ఉంచినా చాలు, ఎర్రటి సన్నటి పొడి అంతటా కూర్చుంటుంది. ఆ పొడి జిగురుకూ కర్రకూ మధ్య పొరలా నిలిచి బుడగలు పుట్టిస్తుంది. వాక్యూమ్‌తో లాగి, ఆల్కహాలు కొద్దిగా తడిపిన నూలుగుడ్డతో తుడిచి, ఆ రోజే కవరింగ్ మొదలుపెట్టండి.

కొలత, రంగు, వేడి

లెక్క ఎలా వేసుకోవాలో ఒక ఉదాహరణ. రెక్క మొత్తం పొడవు ఒకటిన్నర మీటర్లు, వెడల్పు 25 సెంటీమీటర్లు అనుకోండి. సగం రెక్క 75 సెంటీమీటర్లు. చుట్టూ రెండున్నర సెంటీమీటర్లు అదనం, చివర వంపు కోసం ఇంకొంచెం కలిపితే ఒక్కో ముక్క 83కు 30. ఫిల్మ్ చుట్ట 60 సెంటీమీటర్ల వెడల్పుతో వస్తే రెండు ముక్కలు పక్కపక్కనే పడతాయి. నాలుగు ముక్కలకు 166 సెంటీమీటర్లు. రెండు మీటర్ల చుట్టలో రెక్క పూర్తయి, 34 సెంటీమీటర్ల ముక్క మిగులుతుంది. దాన్ని ఎయిలెరాన్లకూ మరమ్మతులకూ దాచుకోండి. బాడీకీ తోకకూ ఇంకో చుట్ట.

బరువు కూడా చూడండి. మామూలు ఫిల్మ్ చదరపు మీటరుకు 60 నుంచి 70 గ్రాముల దాకా ఉంటుంది, జపాన్ టిష్యూ డోప్ లేకుండా పదీ పన్నెండు గ్రాములే. మీటరు కన్నా చిన్న రెక్క ఉన్న పాత టిష్యూ మోడల్‌కు మందపాటి ఫిల్మ్ వేస్తే బరువు పెరగడమే కాదు, బిగుసుకునేటప్పుడు సన్నటి చట్రాన్ని మెలి తిప్పేస్తుంది.

రంగు ముచ్చటకే కాదు. మే నెలలో మన ఆకాశం తెల్లగా మండుతూ ఉంటుంది. తెలుపు, లేత నీలం, పారదర్శక రెక్కలు రెండు వందల మీటర్ల అవతల కంటికి దొరకవు. పైన లేతరంగు, కింద ముదురు పట్టీలు వేస్తే విమానం ఎటు వాలిందో తెలుస్తుంది. ఎర్ర నేలలున్న చోట ఎర్ర విమానం, నల్లరేగడిలో నల్లది దిగితే వెతకడానికి ఒక పూట పోతుంది. పొట్ట కింద మాత్రం ముదురురంగే మంచిది. జొన్న కొయ్యలూ ఎర్రమట్టీ చేసే మరకలు తెల్ల ఫిల్మ్ మీద ఎప్పటికీ పోవు. ఒక్క హెచ్చరిక. రెక్క పైభాగమంతా నలుపో ముదురు నీలమో వేస్తే ఎండలో అది చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, నాసిరకం ఫిల్మ్‌లో జిగురు మెత్తబడి అతుకులు జారతాయి.

వేడి సంగతి. పాలిస్టర్ ఫిల్మ్‌లలో చాలావాటికి జిగురు 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య పట్టుకుంటుంది, ముడుచుకోవడం 140 నుంచి 170 మధ్య జరుగుతుంది. మోడళ్ల కోసం చేసిన చిన్న సీలింగ్ ఐరన్ ఉంటే సుఖం. లేకపోతే ఆవిరి లేని మామూలు ఇస్త్రీపెట్టె చాలు, కానీ దాని మీటమీది అంకెలను నమ్మకండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసేటప్పుడు మెరిసే లోహం మీద గురిపెడితే అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. ఇస్త్రీపెట్టె అడుగున మూలలో వేడి తట్టుకునే మాస్కింగ్ టేపు ముక్క అతికించి దాని మీద కొలవండి. తర్వాత పనికిరాని బాల్సా మీద వేలెడు ఫిల్మ్ అతికించి చూడండి. చల్లారాక లాగితే కర్ర పీచుతో సహా రావాలి. రంగు మాత్రం వెలిసినా, జిగురు పక్కకు కారినా వేడి ఎక్కువైనట్టు. ఆ మీట దగ్గర పెన్నుతో గీత పెట్టుకోండి. అతికించడానికి ఒక గీత, బిగించడానికి ఇంకొకటి.

అడుగున పలుచటి నూలుగుడ్డ తొడిగితే ఫిల్మ్ మీద గీతలు పడవు. గుడ్డ తొడిగాక వేడి కొంచెం తగ్గుతుంది, మళ్లీ పరీక్షించుకోవాలి.

వేయడం

వరస ముఖ్యం. ముందు తోక, ఎందుకంటే చెయ్యి తిరగడానికి చిన్న ముక్కే మంచిది. తర్వాత రెక్క అడుగు, ఆపైన రెక్క పైభాగం, చివర బాడీ. ప్రతి చోటా కిందిది ముందు, పైది తర్వాత. అప్పుడు పైముక్క కిందిదాని మీదకు మడతపడి, అతుకు కిందివైపు దాక్కుంటుంది. ముందు భాగపు ఫిల్మ్ వెనక భాగపు ఫిల్మ్ మీదకు రావాలి. తిరగేసి వేస్తే గాలీ నూనే అతుకు సందులోకి దూరతాయి. అతుకు ఐదారు మిల్లీమీటర్లు ఉంటే చాలు. లేతరంగు మీదకు ముదురురంగు రావాలి, లేకపోతే కిందిది పైకి కనిపిస్తుంది.

రెక్క అడుగుకు ముక్కను పరిచి, వెనక కాగితం తీసి, ముందు రెక్క మొదట్లో ఉన్న రిబ్బు మధ్యన ఒక చోట అతికించండి. రెండో చెయ్యి చివర పట్టుకుని తిన్నగా లాగి, రెక్క చివర మధ్యన అతికించండి. ఇప్పుడు ముందంచు మధ్యలో ఒకటి, దానికి ఎదురుగా వెనకంచులో ఒకటి. అలాగే ఎదురెదురుగా మధ్య నుంచి చివరల వైపుకు వెళ్లండి. ఒక వైపంతా అతికించేసి రెండో వైపుకు వస్తే ఏటవాలు ముడతలు మిగులుతాయి, వాటిని ఏ వేడీ తీయదు. చుట్టూ పూర్తయ్యాక అంచంతా నిండుగా అతికించి, అప్పుడు కోయండి.

కోసేటప్పుడు బ్లేడు కొత్తది. రెండు మూడు గీతలకు ఒకసారి మొన విరచండి, మొద్దుబారిన బ్లేడు ఫిల్మ్‌ను చింపుతుంది. ఎట్టిపరిస్థితుల్లోనూ రెక్క పలకమీద పెట్టి ఫిల్మ్ కోయొద్దు. కంటికి కనిపించని గీత బాల్సాలోకి దిగుతుంది, గాలిలో గట్టి లూప్ (గుండ్రటి పల్టీ) కొట్టినప్పుడు రెక్క సరిగ్గా అక్కడే మడతపడుతుంది. పట్టీలన్నీ విడిగా కటింగ్ మ్యాట్ మీద కోసి తెచ్చుకోండి.

రెక్క చివర గుండ్రటి వంపు అందరినీ ఏడిపిస్తుంది. ఇక్కడ ఫిల్మ్ అంచును ఐదారు సెంటీమీటర్లు ఎక్కువ వదలండి, చెయ్యి పట్టుకోవడానికి. గ్లోవు వేసుకుని అంచును బయటికీ కిందికీ లాగుతూ, హీట్ గన్ వేడిని కర్రకు ఆనుకోబోయే చోట మాత్రమే తగలనివ్వండి. ఫిల్మ్ మెత్తబడి సాగుతుంది, ఆ క్షణంలో వంపు మీద కూర్చోబెట్టి ఐరన్‌తో నొక్కండి. వేలెడు కదిలి మళ్లీ అదే. చాలా పదునైన వంపుకు విడిగా ఒక ముక్క వేయడంలో తప్పేమీ లేదు.

చౌక ఫిల్మ్‌ల జిగురు బలహీనంగా ఉంటే ముందంచు, వెనకంచు, చివర్ల మీద ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి పలుచగా పూసి పూర్తిగా ఆరనివ్వండి. ఇస్త్రీ వేడికి అది మళ్లీ మెత్తబడి ఫిల్మ్‌ను పట్టుకుంటుంది.

రెక్క అడుగు లోపలికి వంగి ఉన్న పాత గ్లైడర్లకు ముందుగా ప్రతి రిబ్బు అడుగునా ఫిల్మ్‌ను అతికించాలి. ఆ పని మరిచి బిగిస్తే ఫిల్మ్ రిబ్బులను వదిలి తిన్నగా లేస్తుంది, రెక్క ఆకారమే మారిపోతుంది.

పలక మీద అతికించేటప్పుడు మధ్య నుంచి బయటికి రుద్దుతూ గాలిని నెట్టాలి. అంచులు ముందుగా మూసేస్తే గాలి లోపలే ఉండిపోయి, ఎండలో వ్యాకోచించి బుడగలవుతుంది. వచ్చిన బుడగను సన్నటి సూదితో ఒక్కసారి గుచ్చి, తక్కువ వేడితో నొక్కండి. ఫిల్మ్ మీద ఫిల్మ్ అతికించే చోట బుడగలు ఇంకా ఎక్కువ, అక్కడ వేడి జిగురు పట్టేంత వరకే పెట్టండి. అక్షరాలకూ చిన్న గుర్తులకూ సబ్బు నీళ్లు చిలకరించి, ముక్కను జరిపి సరిచూసుకుని, పాత ఎ.టి.ఎం. కార్డుతో నీళ్లు బయటికి గెంటి, ఒక రాత్రి ఆరాక తక్కువ వేడితో అంచులు మాత్రం అతికించడం మేలు.

బిగించడం

రెండు వైపులూ వేసేదాకా ఏ వైపూ పూర్తిగా బిగించకండి. ఒక వైపే లాగితే తోక పలక అరటాకులా వంగుతుంది. అడుగున కొంచెం, పైన కొంచెం, మార్చి మార్చి.

ట్రైనర్ మోడళ్లలో రెక్క చివర వెనకంచు కొంచెం పైకి తిరిగి ఉంటుంది. విమానం నెమ్మదించినప్పుడు ఒక రెక్క ముందుగా కూలకుండా ఇదే కాపాడుతుంది. దీన్ని ఇప్పుడే పెట్టాలి. 25 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కకు రెండు డిగ్రీలంటే వెనకంచు చివర సుమారు 9 మిల్లీమీటర్ల ఎత్తు. బండ మీద ఆ ఎత్తు చెక్కముక్క పెట్టి రెక్కను అదిమిపెట్టి, పైనా కిందా వేడిచేసి, పూర్తిగా చల్లారేదాకా కదిలించకండి. రెండు రెక్కలూ సమానంగా ఉన్నాయో వెనక నిలబడి కంటిచూపుతో చూడండి. ఒక దానిలో ఎక్కువుంటే విమానం ఎప్పుడూ ఒకే వైపు దొర్లుతుంది, రిమోట్‌లో ట్రిమ్ మీట ఎంత తిప్పినా వేగం మారగానే మళ్లీ మొదలు.

మన వాతావరణంలో కవరింగ్‌కు మంచి కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా, పొద్దున పూట. కర్ర ఎండి తన అతి చిన్న కొలతలో ఉన్నప్పుడు బిగిస్తే, తేమ కాలంలో కర్ర ఉబ్బి ఇంకా బిగుస్తుందే తప్ప వదులవదు. వానల్లో వేసింది మాత్రం వచ్చే ఎండాకాలానికి కచ్చితంగా ముడతలు చూపిస్తుంది. సన్నటి చట్రానికి అందుకే చివరి బిగువు ఒక మెట్టు తక్కువే వదలాలి.

టిష్యూ, పట్టు, డోప్

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ రోజుల నాటి పాత గ్లైడర్లకు ఫిల్మ్ కంటే టిష్యూయే అందం, బరువూ తక్కువ. టిష్యూకు పీచు దిశ ఉంటుంది. మూల చింపితే తిన్నగా చిరిగేదే దాని దిశ. అది రెక్క పొడవు వెంబడి ఉండాలి.

చట్రం అంచులకు డోప్ రెండు పూతలు వేసి, ఆరాక 400 సాండ్‌పేపరుతో మెల్లగా రుద్దండి. టిష్యూ పరిచి, పైనుంచి థిన్నర్‌ను కుంచెతో పూస్తే కింది డోప్ కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది. అంతా అతికాక సన్నటి తుంపరతో నీళ్లు చల్లి, బండ మీద బరువులతో నొక్కి ఆరనివ్వండి. ఆ తర్వాత డోప్, థిన్నర్ సగం సగం కలిపి పలుచగా రెండు మూడు పూతలు. డోప్ కాలక్రమేణా బిగుస్తూనే ఉంటుంది, సన్నటి రెక్కను వంచేస్తుంది. దాన్ని మెత్తబరచడానికి ప్రతి 30 మిల్లీలీటర్లకు మూడు నాలుగు చుక్కల ఆముదం కలపడం పాత పద్ధతి, ఇప్పటికీ దానికి మించింది లేదు. ఎక్కువైతే పై పూత జిగటగా ఉండిపోతుంది.

డోప్ దొరక్కపోతే ఫర్నిచర్ పాలిష్ వాళ్లు వాడే ఎన్.సి. క్లియర్ లాకర్ పనికొస్తుంది. అదీ నైట్రోసెల్యులోజే, కాకపోతే బిగించే గుణం తక్కువ, కాబట్టి బిగువంతా నీళ్లతోనే తెచ్చుకోవాలి. గ్లో ఇంజను ఉన్న విమానమైతే నైట్రేట్ డోప్‌ను ఇంధనం కరిగించేస్తుంది. పైన రెండు భాగాల పాలియురెథేన్ పూత వేయక తప్పదు.

వాన కురిసిన సాయంత్రం డోప్ ముట్టుకోవద్దు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చెమ్మగా దిగుతుంది. పూత బూడిద పట్టినట్టు తెల్లబడుతుంది. అలా అయితే పొడి రోజున థిన్నర్ ఒక్క పూత పూస్తే చాలావరకు తేరుకుంటుంది. మే మధ్యాహ్నం ఇంకో తంటా. కుంచె రెండో గీత గీసేలోపే ఆరిపోయి లాగుతుంది. అందుకే తెల్లవారుజామున, ఫ్యాను ఆపి చేయాలి.

పట్టు అనగానే ధర్మవరం గుర్తుకు రావడం సహజం, కానీ చీర పట్టు దీనికి పనికిరాదు, బరువెక్కువ. విమానానికి కావాల్సింది ఐదు మోమ్మీ (పట్టు బరువు చెప్పే కొలత) పలుచటి పట్టు, చదరపు మీటరుకు సుమారు 22 గ్రాములు. దాన్ని తడిపి, తడిగానే చట్రం మీద లాగి, అంచులకు డోప్‌తో అతికించాలి. నేత కన్నాలు మూసుకోవడానికి ఐదారు పూతలు పడతాయి, బరువంతా అక్కడే చేరుతుంది.

చిన్న చిరుగులు

చిరిగిన చోటును గుండ్రంగా కోసి శుభ్రం చేయండి. మూలలున్న కోత అక్కడి నుంచే మళ్లీ చిరుగుతుంది. అన్ని వైపులా 6 మిల్లీమీటర్లు దాటేలా గుండ్రటి ముక్క తక్కువ వేడితో అతికించాలి. పాత ఫిల్మ్ మీద అతికించే ముందు ఆల్కహాలుతో జిడ్డు తీయకపోతే ముక్క రెండో రోజే లేస్తుంది. టిష్యూకైతే ముక్కను కత్తెరతో కాకుండా చేత్తో చింపాలి, పీచు అంచు డోప్‌లో కలిసిపోయి కనిపించదు.

తూకం

పని ముందు తూచిన బరువు రాసుకున్నారు కదా. ఇప్పుడు మళ్లీ తూచండి. తోక దగ్గర పెరిగిన ఒక్కో గ్రాముకు ముక్కులో రెండు మూడు గ్రాములు పెట్టాల్సి వస్తుంది, ఎందుకంటే తోక నడిబిందువుకు (విమానం సమంగా నిలిచే చోటుకు) అంత దూరంలో ఉంది. మామూలు ట్రైనర్‌కు నడిబిందువు ముందంచు నుంచి రెక్క వెడల్పులో నాలుగో వంతు, మూడో వంతు మధ్యన ఉండాలి. అంటే 25 సెంటీమీటర్ల రెక్కకు సుమారు ఆరుంబావు నుంచి ఎనిమిదింబావు సెంటీమీటర్ల లోపల. ప్లాను ఉంటే అందులో ఉన్నదే ఖాయం. ముక్కునూ తోకనూ దారంతో వేలాడదీసి, ఏ రెక్క కిందికి వాలుతోందో కూడా చూడండి. తేలికైన రెక్క చివర ఒక మేకో చిన్న సీసపు ముక్కో సరిపోతుంది.

హింజులకు (కదిలే భాగాలను పట్టే మడతబందులకు) కోసిన గీతల్లో ఫిల్మ్ జిగురు మూసుకుపోయి ఉంటుంది. సూపర్ గ్లూ దించే ముందు సన్నటి బ్లేడుతో తెరవండి, లేకపోతే జిగురు కర్రకు అందకుండా ఫిల్మ్‌కే పడుతుంది. అతికాక ఒక్కో ఎయిలెరాన్‌ను గట్టిగా లాగి చూడాలి.

దాచేటప్పుడు పాలిథిన్ సంచిలో కట్టకండి. లోపల తేమ నిలిచి ఫిల్మ్ మీద తెల్లటి మచ్చలు పడతాయి. పాత పంచెలో చుట్టి, రెక్కను నిలువుగా కాకుండా గోడకు రెండు చోట్ల ఆనేలా పడుకోబెట్టండి. రేకుల కప్పు కిందా, మేడ మీది గదిలోనా, ఎండలో నిలిపిన కారు డిక్కీలోనా పెట్టొద్దు. మూసిన కారులో మే మధ్యాహ్నం ఒక్క గంట చాలు, వారం పట్టి బిగించిన రెక్క మళ్లీ ముడతలతో బయటికి వస్తుంది.